పురిటి వీధిలో పిల్లి

ఈ పొద్దున్న పాలప్యాకెట్టును వెలుగులోకి ఎత్తి దాని మీద తేదీ చదివాను. మూల కత్తిరించాక ఒకసారి వాసన చూస్తుంటే మా ఆవిడ పట్టేసుకుంది. "మీ అనుమానం పాడుగానూ! ఇరవై ఏళ్లుగా ఈ ప్యాకెట్లే కొంటున్నాం, ఒక్కనాడైనా పాలు విరిగాయా?" అంది. ఇది తగ్గగా మిగిలిన అనుమానమని ఆవిడకు తెలియదు. పెళ్లికి ముందు టెక్కలిలో ఉద్యోగం చేసే రోజుల్లో నన్ను చూసి ఉంటే ఈ సంబంధం ఒప్పుకునేదే కాదు. అప్పట్లో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వారా అని సాయంత్రం దాకా ఆలోచించేవాణ్ణి. ఆ జబ్బు ఒక పిల్లి వల్ల సగం నయమైంది. ఆ సంగతి ఎక్కడా రాయనని ఒకావిడకు మాటిచ్చాను. ఆవిడ కాలం చేసి మూడేళ్లు దాటింది కనక ఇప్పుడు రాసినా ఎవరికీ ఏ కేసూ చుట్టుకోదు.

పాతికేళ్ల కిందట పెద్ద తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన మరుసటి ఏడు నాకు టెక్కలి ఇరిగేషన్ ఆఫీసుకు బదిలీ అయింది. మాది మందస. టెక్కలిలో గది దొరక్క కాదు గానీ, అప్పటికి రెండు కథలు అచ్చయి ఉన్నాయి నావి. రచయితన్నవాడు ప్రశాంతమైన చోట ఉండాలని ఎక్కడో చదివి, దాన్ని నిజమనుకున్నాను. అందుకని ఆఫీసుకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, చింతచెట్ల నీడన ఉన్న ఒక పల్లెలో పెంకుటింట్లో సగభాగం అద్దెకు తీసుకున్నాను. జూన్ నెలలో చూసినప్పుడు అక్కడ ఈగ వాలినా వినిపించేది. సెప్టెంబరు చివర్లో పక్షులొచ్చాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, వందలకొద్దీ. దవడ కింద సంచులేసుకుని ఒక్కో గూడబాతు మేకపిల్లంత ఉండేది. తుఫానుకు చెట్లు చాలా పడిపోయాయేమో, మిగిలిన నాలుగైదు చింతచెట్ల మీదే అన్నీ కిక్కిరిసి గూళ్లు కట్టాయి. వాటిలో రెండు చెట్లు సరిగ్గా మా పెరట్లో ఉన్నాయి. ఇక చూడాలి ప్రశాంతత. పగలంతా ముక్కులు టకటకలాడేవి, రెక్కలు దుప్పట్లు దులిపినట్టు చప్పుడు చేసేవి. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగేసుకుని సైకిలెక్కేవాణ్ణి, ఎందుకో చెప్పక్కర్లేదు. ఒకనాడు పెంకుల సందులోంచి జానెడు చేప ఒకటి నేను రాస్తున్న కథ మీద పడింది. ఆ కథకు అంతకు మించిన విమర్శ తర్వాతెప్పుడూ రాలేదు.

ఊళ్లో వాళ్లకు మాత్రం అవి పక్షులు కావు. మొదటి జంట వాలిన రోజున వీధిలో ఆడవాళ్లు ఒకరికొకరు కేకలేసుకుని చెప్పుకున్నారు, "ఆడపిల్లలు పురిటికొచ్చీసినారు!" అని. అది ఊరికే అనే మాట కాదు. అవి ఉన్నన్నాళ్లూ ఆ వీధి మొత్తం పురిటిల్లే. దీపావళికి టపాకాయ కాల్చరు. పెళ్లి ఊరేగింపు వస్తే వీధి మొగలోనే డప్పు ఆపేసి, నడుచుకుంటూ దాటి, అవతల మళ్లీ మొదలుపెడతారు. చింతపండు చెట్టు మీదే ఎండిపోయినా దులపరు. మా ఇంటి యజమానురాలు, ఆవిడను నేను అత్తా అని పిలిచేవాణ్ణి, భర్త పోయాక రెండెకరాల జీడితోట ఒంటిచేత్తో చూసుకుంటున్న గట్టి మనిషి. అయినా ఆ నెలల్లో పెరట్లోకి వెళ్తే మంచాన ఉన్న బాలింత పక్కన నడిచినట్టు అడుగులో అడుగేసి నడిచేది.

నేను తెచ్చిన పిల్లి ఆవిడ కంటపడింది ఈ పరిస్థితుల్లో. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితుడొకడు, బస్తాల మధ్య పుట్టిన పిల్లికూనను నాకు అంటగట్టాడు. "ఇది పిల్లి కాదు బావా, సీఐడీ. ఎలకల్ని పట్టదు గానీ, అవి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో మొత్తం సూసొత్తాది" అన్నాడు. నిజమే. దానికి తిండి మీద కంటే సంగతుల మీద ధ్యాస ఎక్కువ. మూత ఉన్నదల్లా తీసి చూడాలి, ముడి ఉన్నదల్లా విప్పి చూడాలి. నేను ఉత్తరం రాస్తుంటే కాగితం మీద కూర్చుని కలం ఎటు పోతోందో తల తిప్పుతూ చదివేది. ఆరా తీయడమే దాని పని కనక ఆరా అని పేరు పెట్టాను. అత్త దాన్ని చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఆడపిల్లలొచ్చీ యేళకి పిల్లిని తెచ్చినావేటి బావూ! పురిటింట్లోకి పిల్లిని రానిత్తారా ఎవలైనా?" అంది. చివరికి బతిమాలితే ఒక షరతు మీద ఒప్పుకుంది. పక్షులు తిరిగి వెళ్లేదాకా అది నా గడప దాటకూడదు. దాటిందా, గోనెసంచిలో కట్టి ఏరు దాటిస్తానంది.

గడప దాటలేదు. కిటికీ దాటింది. చెక్క కిటికీకి కింద మూల విరిగి, పిల్లి పట్టేంత సందు ఉంది. నేను ఆఫీసుకు వెళ్లగానే అది ఆ దారిన పెరట్లోకి దిగి చెట్టుకింద కూర్చునేదని డిసెంబరులో కనిపెట్టాను. ఒక సెలవురోజున కిటికీలోంచి చూశాను. కొమ్మ మీంచి ఒక గూడబాతు పట్టు తప్పి నేల మీద దబ్బున దిగింది. ఆరా పారిపోలేదు, మీద పడనూ లేదు. నాలుగడుగుల దూరంలో చతికిలబడి ఆ ముక్కును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. గూడబాతు కూడా తల పక్కకు వాల్చి దీన్ని చూసింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో! నాకైతే అది చూడముచ్చటగా అనిపించలేదు, ఇద్దరిలో ఎవరు ఎవర్ని తినాలనుకుంటున్నారా అనిపించింది. నా మనసు అప్పుడు అలాంటిది. కిటికీ సందులో ఇటుక పెట్టాను. ఆరా ఇటుక తోయడం నేర్చుకుంది. ఈ సంగతి అత్తకు చెప్పలేదు.

ఆ ఊరికి నా మీద కూడా అనుమానం ఉండేది. అది అన్యాయం కాదని ఒప్పుకోవాలి. వచ్చిన కొత్తలో, చెరువు గట్టును ఒకాయన తన పొలంలో కలిపేసుకున్న వైనాన్ని సరదాగా, ఆయన పేరు లేకుండా రాసి పత్రిక జిల్లా పేజీకి పంపాను. పేరు లేకపోయినా రెవిన్యూ వాళ్లు వారం తిరక్కుండా సరిగ్గా ఆ గట్టు మీదికే కొలత గొలుసు పట్టుకుని వచ్చారు. అప్పట్నుంచి నేను కనిపిస్తే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. "రాసీ మనిషొత్తన్నాడు, ఊరుకోండ్రా" అనడం నా చెవులతో విన్నాను.

సంక్రాంతి వెళ్లాక ఒకనాడు పెద్ద గాలి వీచింది. గూళ్లలోంచి కూనలు రెండు మా పెరటి వైపు పడ్డాయని వీధిలో చెప్పుకున్నారు. ఒకటి పడగానే చచ్చిపోతే పాతిపెట్టారట. రెండోది కదులుతూ ఉందన్నారు, కాసేపటికి చూస్తే లేదు. కుక్క ఎత్తుకుపోయి ఉంటే జాడ ఉండాలి కదా, జాడ లేదు. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆరా నా మంచం మీద మూతి తుడుచుకుంటోంది. మీసాలకు తెల్లటి నూగు అంటుకుని ఉంది. దగ్గరకెళ్తే చేప వాసన. ఆ నూగు తుడిచి, తుడిచిన గుడ్డను పొయ్యిలో పడేశాను. మర్నాడూ అదే నూగు, అదే వాసన. చచ్చినదాన్ని పాతిపెట్టారు కదా, మరి ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది? కూనను ఎక్కడో దాచుకుని రోజుకింత తింటోందని తేల్చుకున్నాను. అంత కుతూహలం గల జంతువు ఏ పనికైనా తెగిస్తుందనిపించింది. నా పక్కలో పడుకునే పిల్లిని నేను ఆ వారమంతా నేరస్థుణ్ణి చూసినట్టు చూశాను.

అంతలో ఇంకో అనుమానం పుట్టుకొచ్చింది. భావనపాడు నుంచి చేపలగంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ రోజూ వచ్చేది. అత్త నీచు వండుకునేది వారానికోసారి. అలాంటిది ఇప్పుడు రోజూ పెరటి తలుపు దగ్గర ఇద్దరూ గుసగుసలు పోతున్నారు. పక్షుల గోలలో గుసగుస కూడా కాస్త గట్టిగానే చెయ్యాలి కనక నా గదిలోకి ముక్కలు ముక్కలుగా వినిపించేది. "ఇయి సన్నసేపలు, పిల్లికి" అంది చేపలావిడ. "మెల్లగా సెప్పే, బావు ఇంట్లోనే ఉన్నాడు" అంది అత్త. "ఇంకెన్నాళ్లిలాగ?" అని చేపలావిడ అడిగితే, "ఇంకొన్నాళ్లు. తరవాత దాని సంగతి తేలిపోద్ది" అంది.

పిల్లంటే గిట్టని మనిషి పిల్లికి చేపలెందుకు కొంటుంది? దాన్ని చేపల రుచి మరిగించడానికి. మరిగించడం ఎందుకు? మర్నాడు అత్త కిటికీ గూట్లో ఎలకల మందు పొట్లం చూశాను. ఏమిటత్తా ఇదని అడిగితే "పందికొక్కులు బావూ" అంది. నేనొక్కసారి కూడా ఆ పెరట్లో పందికొక్కును చూడలేదు. ఆ పక్కరోజు కొత్త గోనెసంచి ఒకటి తెచ్చి, పెరటి చివర కొబ్బరిమట్టలు దాచే పాకలోకి పట్టుకెళ్లింది. ఆ పాకకు ఎన్నడూ లేని తాళం వేసి ఉంది. సైకిలు పెట్టుకుంటాను, తాళం ఇమ్మంటే "వద్దు బావూ, అందులో పామున్నాది" అని చెప్పి కొంగు సర్దుకుంది. పామున్న పాకలోకి ఆవిడ రోజుకు నాలుగుసార్లు వెళ్తోంది. ఆరా ఏమో పొద్దస్తమానం ఆ పాక తలుపు కింద సందులో మూతి పెట్టుకుని కూర్చుంటోంది. చేపలు, మందు, సంచి, తాళం. నాకు కథలు అల్లడం వచ్చు కదా, ఇక అల్లడానికి మిగిలిందేమీ లేదు.

అత్తను నేరుగా అడగొచ్చు. అడిగితే నా పిల్లి గడప దాటిన సంగతి నేనే ఒప్పుకున్నట్టు. పైగా దాని మీసాల నూగు గురించి నాకు తెలుసు. అడగలేదు. ఒక ఆదివారం పొద్దున్న ఆఫీసు ఫైళ్లు తెచ్చుకునే గుడ్డసంచి తెరిచి నేల మీద పెట్టాను. పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. లోపలేముందో చూద్దామని ఆరా తనే దూరింది. నేను జిప్పు లాగాను.

భావనపాడు బస్సులో అది ఒక్కసారి కూడా అరవలేదు. సంచి గుడ్డకు లోపల్నుంచి చెవి ఆనించి బయటి మాటలు వింటున్నట్టుంది. రేవు దగ్గర చేపలు ఎండబెట్టే కళ్లాల పక్కన దాన్ని వదిలాను. అక్కడైతే తిండికి లోటుండదు, మందు పెట్టేవాళ్లుండరు, దాన్ని బతికించడానికే తెచ్చాను అని నాకు నేను మూడు నాలుగుసార్లు చెప్పుకున్నాను. ఆరా బయటికొచ్చి వలలు చూసింది, తాళ్లు చూసింది, తిరగేసిన పడవ కిందికి వెళ్లి చూసొచ్చింది. మధ్యమధ్య నేనున్నానా అని వెనక్కి తిరిగి చూసుకుంది. అది మూడో పడవ కిందికి దూరినప్పుడు నేను బస్సెక్కేశాను.

"పిల్లేదీ బావూ, రెండ్రోజులై కనపల్లేదు?" అని అత్త అడిగింది. పలాసలో స్నేహితుడికి తిరిగిచ్చేశానన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "అలాగా" అంది. ఆ 'అలాగా'లో చేయి జారిపోయిందన్న నిరాశ ఉందని అనుకున్నాను. ఇద్దరం మంచివాళ్లలా నవ్వుకుని ఎవరి గదిలోకి వాళ్లం పోయాం.

నాలుగో రోజున అత్త పెందలాడే తోటకు వెళ్లింది. నాకు ఒంట్లో నలతగా ఉండి ఆఫీసు మానేశాను. పెరటి తలుపు చప్పుడైతే తీశాను. చేపలావిడ ఆకులో పొట్లం చుట్టిన చేపలు నా చేతిలో పెట్టి, "అత్తొచ్చాక ఇచ్చీ బావూ, పిల్లికి" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇంకా ఏ పిల్లికి? పిల్లి పోయి నాలుగు రోజులైంది కదా!" అన్నాను.

"పిల్లేటి?" అని ఆమె నెత్తి మీద గంప ఆపుకుని నన్ను వింతగా చూసింది. "పిల్లి కాదు బావూ, పిల్లకి. పిల్లకి! పాకలోనున్న పిల్లకి." అప్పటికి నా మొహం చూసి నాలిక్కరుచుకుంది. "నీకు తెల్దేటి? ఒక్కింట్లోనుండి తెల్దేటి బావూ?"

అత్త వచ్చేదాకా ఆ పొట్లం పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను. ఆవిడ దూరం నుంచే నా చేతిలో పొట్లం చూసి ఆగిపోయింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. పాకలో కొత్త గోనెసంచి పరుపు మీద గూడబాతు కూన కూర్చుని ఉంది. ఒళ్లంతా తెల్లటి నూగు. అత్త సత్తుచెంబులో చేపలేసి వంచి పట్టుకుంటే, అది మెడ దాకా చెంబులోకి తల దూర్చి తింది. "తల్లి గొంతులో తలెట్టి తినీ అలవాటు దానికి. పళ్లెంలో ఎడితే తినలేదు" అంది. పాక మూల పందికొక్కులు తవ్విన బొరియలు మూడు కనిపించాయి. తలుపు కింద సందులో తెల్లటి నూగూ, చేప పొలుసులూ పడి ఉన్నాయి, అక్కడి నేల పిల్లి కూర్చుని కూర్చుని నున్నబడి ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"నువ్వు రాత్తావు గదా బావూ! కూనని ఇంట్లో ఎట్టుకుంటే కేసు రాత్తానని పచ్చులని కాసీ ఫారెస్టు గార్డు మైకులో సెప్పి ఎల్నాడు. కింద పడినదాన్ని మనిసి ముడితే తల్లి మల్లీ దగ్గిరికి రానీదు. వదిలీమంటావా? పురిటికొచ్చినోల బిడ్డ మన పెరట్లో పడితే సూత్తా ఊరుకుంటామా?" అంది. చెంబు కింద పెట్టి, "నీ పిల్లి రోజూ తలుపు కాడ కూకుండీది. ముందు బయపడ్డాను. తరవాత సూత్తే అది ఉన్నంతసేపూ పందికొక్కులు రావట్లేదు. మందు కూడా ఎట్టలేదు, ఇది తినీత్తాదేమోనని" అంది.

ఎలకల మందు పొట్లం ఆ గూట్లోనే ఉండిపోయిందన్నమాట. నా మొహం ఎలా మారిందో గానీ అత్త కంగారుపడి, "ఏటి బావూ, ఏటైనాది?" అంది. పలాస కాదు, భావనపాడు అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. మందు సంగతి వినగానే ఆవిడ గుమ్మం మీద కూలబడింది. "నానా? మందెట్టి సంపేత్తాననుకున్నావా?" అని నాలుగుసార్లు అదే మాట అడిగింది. ఎవరి ముందూ నేను అంత సిగ్గుపడిన గుర్తు లేదు.

వరసగా మూడు ఆదివారాలు భావనపాడు వెళ్లాను. మూడోసారి కనిపించింది. కళ్లాల దగ్గర చేపలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య, ఒళ్లు చేసి, చెవి కొస కొద్దిగా చిరిగి ఉంది. పిలిస్తే వెంటనే తల తిప్పింది. దగ్గరకొచ్చి నా చెప్పులు వాసన చూసింది, ప్యాంటు అంచు చూసింది. వంగి ఎత్తుకోబోతే వెనక్కి జరిగింది, పారిపోలేదు. చెయ్యి చాపితే అందనంత దూరంలో కూర్చుని నా చేతుల్నే చూసింది. నేనొక అడుగు వేస్తే తనొక అడుగు వెనక్కి వేసింది. గుర్తుపట్టలేదనుకుంటే నాకు సుఖంగా ఉండేది. బాగా గుర్తుపట్టింది. కనిపించినదల్లా ముట్టుకుని చూసే ఆ పిల్లికి, ముట్టుకోకూడనిది ఒకటుందని నేర్పినవాణ్ణి నేనే. మధ్యాహ్నం బస్సు దాకా అలా కూర్చుని ఒంటరిగా వచ్చేశాను.

గూడబాతు కూనను ఆ తర్వాత మేమిద్దరం కలిసి పెంచాం. నా వేలు రెండుసార్లు కొరికింది. రెక్కలొచ్చాక తెల్లవారుజామున చెరువు దాకా నడిపించుకెళ్లేవాళ్లం. ఉగాదికి ముందు ఒక పొద్దున్న, మిగతావన్నీ గుంపులుగా లేచి తిరుగుతుంటే, ఇది కూడా నీళ్ల మీద పరుగెత్తి, తడబడి, లేచింది. ఏది మాదో చూస్తుండగానే తెలియకుండా పోయింది. అత్త కళ్లొత్తుకుంది. అప్పుడే నా చేత మాట తీసుకుంది, రాయొద్దని. తిరిగొస్తుంటే గట్టు మీద ఆగి అంది, "ఇది ఎల్లాల్సిందే బావూ, ఎల్లిపోనాది. మన పిల్లినే మనం ఎల్లగొట్టుకున్నాం."

ఆ ఇంట్లో ఇంకో మూడేళ్లున్నాను. ఆరు నెలల పాటు నీ పిల్లి, నీ పిల్లి అన్న మనిషి నోట 'మన' అనే మాట అదే మొదటిసారి. ఇద్దరి గదుల మధ్య ఉన్నది పన్నెండడుగుల వరండా. దాన్ని దాటి ఒక మాట అడగడానికి నాకు అప్పట్లో కావలసినంత సమయం ఉండేది. ఇప్పుడు ఎన్ని పాలప్యాకెట్లు వాసన చూసినా సంచి జిప్పు లాగిన ఆ ఒక్క ఆదివారం పొద్దున్నను మాత్రం వెనక్కి తెచ్చుకోలేను.